ఫారిన్ కంపెనీ మన పక్కకొస్తే చదివినోళ్లకీ చదవనోళ్లకీ జీతంలో తేడా ఎంత: ఇంట్లో కూర్చోని లెక్కేసుకునే పద్ధతి

తడ దగ్గర ఫ్యాక్టరీలన్నీ ఒకచోట ఉండే శ్రీసిటీకి ఇంకో కంపెనీ వస్తా ఉందంట అని టీవీలో వచ్చిన ప్రతిసారీ మా కోవూర్లో నాకు రెండు రకాల ఫోన్లొస్తాయి. టెన్త్‌తోనో ఇంటర్‌తోనో ఆపేసిన పిలకాయల ఇంటోళ్లు మా పిల్లకి దాంట్లో దొరుకుద్దా అని అడుగుతారు, బీటెక్ చదివించే వాళ్లేమో మా వాడికి ఎంతిస్తారు అని. నాయుడుపేట వైపు ఒక లేబర్ కాంట్రాక్టర్ ఆఫీసులో 9 ఏళ్లు జీతాల లెక్కలు చూశా కాబట్టి నన్నడుగుతారు. ఇన్నాళ్లలో నాకు అర్థమైంది ఒకటుంది. కంపెనీ ఫారిన్‌దా మనదా అన్నదాన్ని బట్టి ఈ జీతాల తేడా తేలదు, అది ఇక్కడికి ఏ పని తెచ్చింది, మనల్ని ఎవరి రోల్లో (అంటే ఎవరి జీతాల లిస్టులో) పెట్టింది, ఆ పనికి మన చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారు, ఈ మూడిట్లో తేలుద్ది. అది ఎట్టా కనుక్కోవాలో, పేపర్ పెన్ను పెట్టుకోని ఎట్టా లెక్కేయాలో రాస్తున్నా, ఇంట్లో ఇంటర్ అయిపోయిన పిలకాయలుంటే వాళ్లని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

ముందు ఆ డబ్బు ఏ రకమో చూడండి

విదేశీ పెట్టుబడి అని పేపర్లో పడ్డదంతా ఒకటి కాదు. షేర్ మార్కెట్లో విదేశీ ఫండ్ ఏదో షేర్లు కొంటే దానివల్ల మన గేటు దగ్గర ఒక్క ఉద్యోగం కూడా పుట్టదు. లిస్టెడ్ కంపెనీలో 10 శాతం, ఆ పైన వాటా తీసుకుంటేనే మన రూల్స్ దాన్ని ఎఫ్‌డీఐ, అంటే నేరుగా పెట్టే విదేశీ పెట్టుబడి అంటాయి, అంతకు తక్కువైతే పోర్ట్‌ఫోలియో పెట్టుబడి. మళ్లీ ఎఫ్‌డీఐలో కూడా కొత్తగా పొలంలో పునాది తవ్వి ఫ్యాక్టరీ కట్టేది వేరు, ఉన్న ఫ్యాక్టరీని కొనేది వేరు. కృష్ణపట్నం దగ్గర 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంట్లు సింగపూర్ సెంబ్‌కార్ప్ చేతిలో ఉండేవి, 2023 జనవరిలో ఒమన్ ఇన్వెస్టర్ల కంపెనీకి అమ్మేశారు. కాగితం మీద అది వేల కోట్ల విదేశీ లావాదేవీ, కానీ ఓనర్ మారినంత మాత్రాన కొత్త బాయిలర్ రాదు, కొత్త కంట్రోల్ రూమ్ రాదు, కాబట్టి అట్టాంటి వార్త చూసి పిల్లోడి కోర్సు మార్చబాకండి.

ఇంకొక తికమక మన ప్రకాశం వాళ్లకి బాగా ఉంటది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ విదేశాలకి పోద్ది, ఒంగోలు టంగుటూరు ప్లాట్‌ఫారాల్లో కొన్న పొగాకు విదేశాలకి పోద్ది, అది ఎక్స్‌పోర్టు, మన సరుకు బయటకి పోయి డబ్బు రావడం. విదేశీ కంపెనీ ఇక్కడ డబ్బు పెట్టి పని పెట్టడం అది కాదు. సిగరెట్ల తయారీలో అయితే 2010 నించి ఎఫ్‌డీఐకి పర్మిషనే లేదు. రెండింటి ప్రభావం జీతాల మీద వేరేగా ఉంటది కాబట్టి కలిపి మాట్లాడొద్దు.

ఏ పని తెచ్చింది, ఇదే అన్నిటికన్నా ముఖ్యం

పాత పుస్తకాల్లో ఒక లెక్క ఉంది, 1941లో స్టోల్పర్, శామ్యూల్‌సన్ అనే ఇద్దరు చెప్పింది. మామూలు మాటల్లో ఏందంటే, దేశంలో ఏది ఎక్కువుంటే బయటి వ్యాపారం తెరిచినప్పుడు దానికి గిరాకీ పెరుగుద్ది. మన దగ్గర చదువు తక్కువున్న పనోళ్లు ఎక్కువ కదా, అయితే వాళ్ల కూలి పెరగాలి, చదివినోళ్లకీ వాళ్లకీ తేడా తగ్గాలి. వినడానికి బాగుంది. చాలా దేశాల్లో అట్టా జరగలేదు.

మెక్సికో కత చూడండి. 1980ల్లో అమెరికా కంపెనీలు బోర్డర్ వెంబడి మకిలడోరా అని పిలిచే ఫ్యాక్టరీలు బో పెట్టాయి. ఫీన్‌స్ట్రా, హాన్సన్ అనే ఎకనామిస్టులు 1975 నించి 1988 దాకా లెక్కలు తీసి 1997లో ఏం చెప్పారంటే, ఆ ఫ్యాక్టరీలు గుమికూడిన ప్రాంతాల్లో 1980ల చివర స్కిల్ ఉన్నోళ్ల జీతాల వాటా పెరిగింది కదా, ఆ పెరుగుదలలో సగానికి పైన ఈ విదేశీ పెట్టుబడి వల్లే అని. ఎందుకు? అమెరికాలో అది కింది స్థాయి పని, అందుకే బయటకి పంపారు. కానీ అదే పని మెక్సికోకి వచ్చేసరికి అక్కడున్న పనులన్నిటికంటే పై స్థాయి పని అయి కూర్చుంది, కాస్త చదువుకోని మెషిన్ తెలిసినోళ్లే చేయగలరు. అట్టా రెండు దేశాల్లోనూ చదివినోళ్లకే గిరాకీ పెరిగింది, రెండు చోట్లా తేడా పెరిగింది. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే మన చెన్నై హైవే వెంట జరిగేది కూడా చాలా వరకు ఇదే.

అయితే ఎప్పుడూ ఇట్టాగే ఉంటదా అంటే కాదు, అందుకే వచ్చే పని చూడమంటున్నా. తడ దగ్గర మాంబట్టులో తైవాన్ వాళ్ల అపాచీ చెప్పుల ఫ్యాక్టరీ ఉంది, అడిడాస్ షూలు కుడతారు. వేలమంది పనిచేస్తారు, ఎక్కువ మంది ఆడోళ్లే. అప్పర్ కుట్టడం, సోల్ అతికించడం, లేసు గుచ్చడం, ఇట్టా లైన్ మీద ఒక్కొక్కరికి ఒక్కో పని, వారం పది రోజులు చూపిస్తే చెయ్యి తిరుగుద్ది, టెన్త్ కూడా దాటని వాళ్లని తీసుకుంటారు. ఇట్టాంటి కంపెనీ వస్తే ముందు పెరిగేది చదువు తక్కువున్న ఆడోళ్ల రాబడి. అంతకుముందు మిరప కోతకో నాట్లకో పోయి, పని ఉన్న రోజే కూలి చూసిన ఇంటికి నెలనెలా బ్యాంకులో జీతం పడతది. ఈ రకం ఫ్యాక్టరీ చుట్టుపక్కల తేడాని తగ్గిస్తది.

ఇప్పుడు దాని పక్కన పవర్ ప్లాంట్ పెట్టి చూడండి. వేల కోట్లు పెడితే లోపల పర్మినెంట్ వాళ్లు కొన్ని వందల్లో ఉంటారు. కంట్రోల్ రూమ్‌లో ఇంజినీర్లు, డిప్లొమా వాళ్లు, వాళ్ల జీతాలు పెద్దవి. బొగ్గు దగ్గర, బూడిద దగ్గర, క్లీనింగ్‌లో కాంట్రాక్టు కూలీలు. డబ్బు పెద్దది, పనులు తక్కువ, ఉన్న పనుల్లో పైకీ కిందకీ నడుమ బో దూరం. ఈ రకం తేడాని పెంచుద్ది.

మిగతావి ఈ రెండిటి నడుమ ఎక్కడో ఉంటాయి. శ్రీసిటీ 2008లో మొదలైంది, ఫాక్స్‌కాన్ 2015లో అక్కడ ఫోన్లు బిగించడం మొదలు పెట్టింది, ఇసుజు 2016లో బండ్లు, మాండెలీజ్ అదే ఏడు చాక్లెట్లు, డైకిన్ 2023లో ఏసీలు, ఎల్జీకి 2025 మేలో శంకుస్థాపన అయింది. ఫోన్ బిగించే లైన్‌కి ఇంటర్, డిగ్రీ ఆడపిల్లలు వేలల్లో కావాలి, బండి పెయింట్ షాపులో రోబో పక్కన నిలబడటానికి ఐటీఐ, డిప్లొమా కావాలి. అందుకని మీరు కంపెనీ పేరు అడగొద్దు, లోపల ఏ లైన్లు ఉన్నాయి, ఒక్కో లైన్‌కి మనుషులెందరు, మెషిన్లెన్ని అని అడగండి. ఆల్రెడీ లోపల పనిచేసే వాళ్లనడిగితే టీ తాగే లోపు చెప్పేస్తారు.

రొయ్యల వాళ్లకి ఒక మాట. వనామీ రకం రొయ్య 2009లో మన దేశానికొచ్చింది, తల్లి రొయ్య విదేశం నించి దిగుద్ది, చెన్నైలో క్వారంటైన్ చేసి హేచరీలకి ఇస్తారు. సీడు, ఫీడు, ల్యాబ్ టెక్నిక్ అంతా మారిపోయింది. దాంతో ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో చదివిన పిలకాయలకి, ల్యాబ్ తెలిసిన ఎమ్మెస్సీ వాళ్లకి గిరాకీ పెరిగింది. అదే ప్రాసెసింగ్ షెడ్‌లో ఐస్ నీళ్లల్లో చేతులు పెట్టి రొయ్య ఒలిచే అక్క కూలి కిలో లెక్క. టెక్నాలజీ వచ్చి ఇద్దరికీ పని దొరికింది, కానీ రేటు పెరిగే వేగం మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధగానే ఉంటది, ఆ అక్క చెయ్యి లేకపోతే కంటైనర్ ఓడెక్కదు.

ఎవరి రోల్లో ఉన్నాం

ఇదే నేను 9 ఏళ్లు చూసిన పని కాబట్టి గట్టిగా చెప్తా. ఒకే లైన్ మీద ఒకే యూనిఫామ్ వేసుకోని నిలబడ్డ నలుగురి జీతం నలుగురు ఇస్తా ఉండొచ్చు, ఒకరు కంపెనీ రోలు, ఒకరు కాంట్రాక్టరు, ఒకరు అప్రెంటిస్, ఒకరు ట్రైనీ. ఫారిన్ కంపెనీలు బాగా ఇస్తాయి అన్న మాట నిజమే. ఇండోనేషియాలో లిప్సీ, షోహోల్మ్ అనే వాళ్లు లెక్క తీస్తే ఒకే చదువు ఉన్నవాళ్లకి కూడా విదేశీ ఫ్యాక్టరీలో ఎక్కువ ఇస్తున్నారని తేలింది, అయితే ఆ ఎక్కువ అనేది కార్మికులకంటే ఆఫీసు స్టాఫ్‌కి ఇంకాస్త ఎక్కువ. అంటే అందరికీ పెరుగుద్ది, తేడా కూడా పెరుగుద్ది, రెండూ ఒకేసారి జరగొచ్చు. కానీ ఆ మంచి రేటు కంపెనీ రోల్లో ఉన్నోళ్లకి. మధ్యలో కాంట్రాక్టరు ఉంటే కంపెనీ తలకింత అని ఇచ్చే బిల్లులోంచి సర్వీస్ చార్జీ తీసుకున్నాకే మన జీతం లెక్క మొదలవుద్ది. చదువు తక్కువున్న వాళ్లలో ఎక్కువ మంది కాంట్రాక్టరు రోల్లోనే పడతారు, అందుకే బయటకి చదువు తేడాలాగా కనపడేది చాలాసార్లు రోలు తేడా.

చేరే ముందు అడగాల్సింది ఒకటే, అపాయింట్‌మెంట్ లెటర్ మీద ఎవరి పేరుంటది? కంపెనీ పేరా, ఇంకో ఏజెన్సీ పేరా? ఆన్‌రోల్ ఎన్నాళ్లకి చేస్తారు అంటే చూద్దాంలే అన్నారంటే, చేయరు అనే లెక్కలో పెట్టుకోని చేరాలా వద్దా అనుకోండి. నేను పనిచేసిన చోట అట్టా చూద్దాంలే మీద ఆరేళ్లు ఉన్నోళ్లు ఉన్నారు.

స్లిప్పులు పక్కపక్కన పెట్టి లెక్కేయడం

పోయిన సంక్రాంతికి మా పిన్ని ఇంట్లో ఇదే పని చేశాం. వసారాలో అరుగు మీద కూర్చున్నాం, పిన్ని కూతురు ఇంటర్ చదివి కాంట్రాక్టరు కింద ఫ్యాక్టరీలో ఆపరేటరు, పిన్ని మరిది కొడుకు బీటెక్ మెకానికల్ చేసి అదే ఏరియాలో ఇంకో కంపెనీలో ట్రైనీ ఇంజినీరు. వాడి జీతం 28 వేలంట అని ఊరంతా చెప్పుకుంటా ఉంటే ఈ పిల్లకి మనసు చిన్నబోయింది, నాకు 13 వేలే కదన్నా అని. సరే ఇద్దరూ ఫోన్లో స్లిప్పులు తియ్యండమ్మా అన్నా. అంకెలు కాస్త సర్ది రాస్తున్నా, పద్ధతి మాత్రం అదే.

పిల్లది. గ్రాస్ 15,200. బేసిక్, డీఏ కలిపి 12,000, దాని మీద పీఎఫ్ 12 శాతం అంటే 1,440. ఈఎస్‌ఐ గ్రాస్ మీద 0.75 శాతం, 114. ప్రొఫెషనల్ టాక్స్ 150. క్యాంటీన్ 450. చేతికొచ్చేది 13,046.

పిల్లోడిది. 28,000 అనేది సీటీసీ, అంటే వాడి మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు, జీతం కాదు. అందులోనే కంపెనీ కట్టే పీఎఫ్ కూడా కలిపారు, బేసిక్ 14,000 మీద 1,680. గ్రాట్యుటీ 4.81 శాతం, 673. ఈ రెండూ తీసేస్తే గ్రాస్ 25,647. దాంట్లోంచి వాడి వాటా పీఎఫ్ మళ్లీ 1,680, ప్రొఫెషనల్ టాక్స్ 200. జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్‌ఐ లేదు, అంటే ఆ కార్డు మీద వైద్యం కూడా లేదు. చేతికి 23,767.

ఊరు చెప్పే లెక్కలో 28,000కి 13,046, అంటే రెండింతలకి పైన, 2.15 రెట్లు. చేతికొచ్చేది చేతికొచ్చేదానితో పోలిస్తే 1.82 రెట్లు. ఇంకా ఆగండి. పిల్ల 8 గంటల షిఫ్టు, 26 రోజులు, 208 గంటలు, అంటే గంటకి దగ్గర దగ్గర 63 రూపాయలు. పిల్లోడు రోజుకి 10 గంటలు తక్కువ కాకుండా ఉంటాడు, స్టాఫ్ కాబట్టి ఓటీ (ఓవర్‌టైమ్ డబ్బు) లేదు, 260 గంటలు, గంటకి 91. తేడా 1.46 రెట్లకి వచ్చింది. పిల్ల ఇంటి నించి కంపెనీ బస్సులో పోయొస్తది, తెల్లారి 4:40కి మా సెంటర్లో బస్సెక్కుద్ది, టిఫిన్ బాక్సు ఒళ్లో పెట్టుకోని నిద్రపోతా పోద్ది. పిల్లోడు సూళ్లూరుపేటలో రూము, మెస్సు కలిపి 7,000 ఖర్చు. అది కూడా తీస్తే మిగిలేది 16,767.

అరుగు మీద కాసేపు ఎవరూ మాట్లాడలా. ఆ పిల్ల ఫోన్ తీసుకోని మళ్లీ ఆ అంకెలే చూసుకుంది. మరి నాలుగేళ్లు బీటెక్ ఎందుకు చదివినట్టు అని మా పిన్ని మరిది అడిగాడు, అడగాల్సిన ప్రశ్నే అది.

మీరు లెక్కేసేటప్పుడు కూడా ఇదే వరస పాటించండి: సీటీసీ పక్కన పెట్టి చేతికొచ్చేది తీసుకోండి, గంటలతో భాగించండి, రూము తిండి తీసేయండి. ఓటీ చేస్తే చట్టం ప్రకారం రెండింతల రేటు రావాలి, స్లిప్పులో ఓటీ గంటలు ఎన్ని, రేటు ఎంత అని విడిగా ఉందో లేదో చూడండి. కొన్ని చోట్ల ఓటీని ఇన్సెంటివ్ అని రాసి సింగిల్ రేటుకే సర్దేస్తారు, నేను కళ్లారా చూశా, అది అడిగి సరి చేయించుకోవాల్సిన విషయం.

చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారు

ఆ పిల్లోడి జీతం ఎందుకంత తక్కువ అంటే కంపెనీ పిసినారి అని కాదు. నెల్లూరు నించి కావలి, ఒంగోలు దాకా ఇంజినీరింగ్ కాలేజీలు ఎన్నున్నాయో మీకే తెలుసు, ఏటా వేలమంది బయటికొస్తారు, ఒక్క పోస్టుకి లైన్ కట్టి నిలబడతారు. చదివినోళ్లు గుంపుగా ఉన్న చోట కంపెనీ వచ్చినా చదివినోళ్ల రేటు పెద్దగా లేవదు. అదే సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత మెషిన్) సెట్టింగ్ తెలిసిన ఐటీఐ వాడికో, పీఎల్‌సీ (మెషిన్లని నడిపే కంట్రోలర్) తెలిసిన డిప్లొమా వాడికో, మంచి వెల్డర్‌కో కంపెనీలే ఫోన్ చేస్తాయి. కాబట్టి పేరుకి ఏ చదువు పెద్దది అని కాకుండా, ఆ కంపెనీకి కావాల్సిన వాళ్లు మన దగ్గర తక్కువగా ఎవరున్నారు అని చూడాలి. మా ఆఫీసుకి మనుషులు కావాలని వచ్చే మెయిల్స్ చూసి నేను పట్టుకున్న గుర్తు ఇది: ఒకే పోస్టు మూడు నెలలు వరసగా అడుగుతున్నారంటే ఆ పని తెలిసినోళ్లు దొరకట్లేదని, అందులో బేరం చేయొచ్చని.

కింది రేటు మీద కూడా ఒక కన్నేయండి. పెద్ద ఫ్యాక్టరీ వేలమందిని తీసుకుంటే చుట్టుపక్కల బట్టల షాపు, రైస్ మిల్లు, పొలం పని, అన్నింట్లో మనుషులు దొరక్క కూలి పెంచక తప్పదు. ఫ్యాక్టరీలో చేరని వాళ్లకి కూడా అట్టా పెరుగుద్ది. మీ ఊళ్లో నాట్ల కూలి ఫ్యాక్టరీ రాకముందు ఎంత, వచ్చాక రెండేళ్లకి ఎంత అని పెద్దోళ్లనడిగి రాసుకోండి, ధరలు పెరిగింది కూడా పక్కన వేసి చూడండి. అదే సమయంలో రూము అద్దె ఎంత పెరిగిందో కూడా రాయండి, ఎందుకంటే బయటి ఊరి నించి వచ్చి 13 వేలకి పనిచేసే పిల్లకి అద్దె వెయ్యి పెరిగితే అది ఆమె జీతంలో పదమూడో వంతు.

ఐదో ఏడు జీతం అడగండి

పిన్ని మరిది ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. పిల్లకీ పిల్లోడికీ చేతికొచ్చే దాంట్లో తేడా నెలకి 10,721, ఏడాదికి 1,28,652. వాడు చదివిన నాలుగేళ్లు ఈ పిల్ల లాగా పనికి పోయుంటే 6 లక్షల 26 వేలు వచ్చుండేవి. ఫీజు లెక్కేయకుండానే అది రాబట్టడానికి దగ్గర దగ్గర ఐదేళ్లు. అంటే మొదటి జీతం చూసి చదువు లాభమా నష్టమా తేల్చలేం. ఐదో ఏడు వాడు యాడుంటాడు, ఈ పిల్ల యాడుంటది, అదే అసలు తేడా. కంపెనీలో ట్రైనీ నించి ఇంజినీరు, సీనియర్, అసిస్టెంట్ మేనేజర్ అని మెట్లుంటాయి. ఆపరేటరుకి చాలా చోట్ల మెట్టే లేదు, ఐదేళ్ల తర్వాత కూడా పక్కన కొత్తగా చేరిన పిల్ల కంటే వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ, అంతే. విదేశీ పెట్టుబడి వల్ల తేడా పెరిగింది అంటే నేను చూసినంతలో ఎక్కువ పెరిగేది ఇక్కడే, చేరిన రోజు కాదు.

ఐర్లాండ్‌లో ఇంకో రకం చూశారు. అక్కడ విదేశీ కంపెనీలు పెరిగే కొద్దీ మొదట జీతాల తేడా పెరిగింది, తర్వాత తగ్గడం మొదలైందని ఫిజిని, గోర్గ్ అనే వాళ్లు 1999లో చెప్పారు. కొత్త టెక్నిక్ మొదట కొద్దిమందికే తెలుసు, వాళ్లకి రేటు. మెల్లిగా మిగతావాళ్లు నేర్చుకుంటే ఆ దూరం తగ్గుద్ది. కానీ నేర్పితేనే కదా నేర్చుకునేది. అందుకని ఇంటర్వ్యూలో మొహమాటం లేకుండా అడగండి: ఆపరేటర్లకి ట్రైనింగ్ ఉందా, లైన్ లీడర్లని లోపలి నించి చేస్తారా బయటి నించి తెస్తారా, పనిచేస్తా డిప్లొమా చదివితే షిఫ్టు సర్దుతారా, పోయిన ఏడు ఎంతమంది ఆపరేటర్లు లీడర్లయ్యారు. చివరిదానికి అంకె చెప్పగలిగిన కంపెనీ మంచిది. కాంట్రాక్టరు దగ్గర ఈ ప్రశ్నలకి జవాబు దొరకదు, లోపలి హెచ్‌ఆర్‌నే పట్టుకోవాలి.

మా పిన్ని కూతురు పండగ అయిపోయి డ్యూటీకి పోయాక నిజంగానే అడిగింది. వాళ్ల లైన్లో క్వాలిటీ చెకింగ్‌కి ఇద్దరిని లోపలి నించే తీసుకుంటున్నారంట, గేజులు (కొలత పరికరాలు) చదవడం, రిపోర్టు ఎక్సెల్లో ఎక్కించడం వస్తే చాలంట, పైగా అది కంపెనీ రోలు. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఆ బీటెక్ పిల్లోడే అదే అరుగు మీద కూర్చోబెట్టి మందం కొలిచే వెర్నియర్ చదవడం నేర్పుతున్నాడు. పోయిన వారం నేను పోయేసరికి స్టీలు గ్లాసు మందం కొలిచి నోట్‌బుక్‌లో రాస్తా ఉంది.